ప్యాడ్లు కట్టుకున్న మూడోవాడు

బొంబాయిలో చలే అంతంతమాత్రం. ఆ కాస్తా శివశివా అంటూ వెళ్లిపోయి వారమైంది. 1988 ఫిబ్రవరి 23. వీటీ స్టేషన్లో లోకల్ దిగితే, పనేమీ లేకపోయినా కాళ్లు ఆజాద్ మైదాన్ వైపు లాగే రోజులు. టికెట్ అక్కర్లేదు, ఎవరని అడిగేవాడు లేడు. పల్లీల పొట్లం కొనుక్కుని చెట్టు నీడన నిలబడితే చాలు, కళ్ల ముందు ఇరవైరెండు పిచ్‌లు. ఈ ఆట ఫీల్డరూ పక్క ఆట ఫీల్డరూ వీపులు ఆనించుకునేంత ఇరుకు. దొర్లుకుంటూ వచ్చిన బంతి ఏ మ్యాచ్‌దో పోల్చుకోవడంలోనే సగం వినోదం.

ఆ వేళ ఓ పక్కన హారిస్ షీల్డ్ సెమీఫైనల్. స్కూలు పిల్లల ఆట. శారదాశ్రమ్ విద్యామందిర్ ఒకవైపు, సెయింట్ జేవియర్స్ ఒకవైపు. 84 పరుగులకు శారదాశ్రమ్ రెండో వికెట్ పడింది. అప్పుడు జత కలిసినవాళ్లు వినోద్ కాంబ్లీ, సచిన్ టెండూల్కర్. ఒకడికి 16 ఏళ్లు, ఇంకొకడికి 15 కూడా నిండలేదు. ఆ తర్వాతి వంతు 13 ఏళ్ల అమోల్ మజుందార్‌ది. ప్యాడ్లు కట్టుకుని కూర్చున్నాడు. వికెట్ పడాలి, తను దిగాలి.

పడలేదు. పొద్దు వాలింది, ఆట ఆపేశారు. మర్నాడు మళ్లీ ప్యాడ్లు, మళ్లీ అదే ఎదురుచూపు. ఇక్కడే నాకు ఆ పిల్లాడి మీద మనసు పోతుంది. వికెట్ పడాలని కోరుకుంటే సొంత జట్టుకు ద్రోహం, కోరుకోకపోతే తన బ్యాటుకు ద్రోహం. పెళ్లి పందిట్లో వడ్డన తన పంక్తి దాకా రాకుండానే ఆగిపోతుందేమోనన్న బెంగ లాంటిదన్నమాట.

ఇక చాలు, డిక్లేర్ చెయ్యమని సహాయ కోచ్ లక్ష్మణ్ చవాన్ బౌండరీ దగ్గర్నుంచి కేకలు. ఆ ఇద్దరూ అటు తల తిప్పితే ఒట్టు. పాటలు పాడుకుంటూ, ఈలలు వేసుకుంటూ బాదుతూనే ఉన్నారు. బంతులు వేసి వేసి అలసినవాళ్లలో సాయిరాజ్ బహుతులే ఒకడు. తర్వాతి కాలంలో అతనూ దేశానికి ఆడాడు. లంచ్ వేళకు కోచ్ రమాకాంత్ ఆచ్రేకర్‌తో ఫోన్లో మాట్లాడారు. కాంబ్లీ 349 మీదున్నాడు, ఒక్క పరుగు చాలు. కుదరదన్నారు ఆచ్రేకర్. సచిన్ 326. ఇద్దరి జోడీ 664, జట్టు స్కోరు 2 వికెట్లకు 748. తర్వాత జేవియర్స్ 145కే ఆలౌట్. అందులో 6 వికెట్లు మళ్లీ కాంబ్లీవే!

ఆ 664ని చివరికి దాటింది మన పిల్లలే. 2006 నవంబరులో సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో సెయింట్ పీటర్స్ ఓపెనర్లు 40 ఓవర్లలో విడిపోకుండా 721 చేశారు. అక్కడా ప్యాడ్లు కట్టుకుని మూడో నంబరువాడు కూర్చునే ఉంటాడు. వాడి పేరు మాత్రం నా కంట పడలేదు.

మజుందార్ పేరు మిగిలింది. 1994లో మొదటి రంజీ మ్యాచ్‌లోనే ఫరీదాబాద్‌లో హర్యానా మీద 260 కొట్టాడు. ఫస్ట్‌క్లాస్‌లో 11 వేలు దాటించాడు, ముంబైకి కెప్టెన్‌గా రంజీ గెలిపించాడు. భారత జట్టు పిలుపు మాత్రం రానే లేదు. చివరి సీజన్లు ఆడింది మన ఆంధ్ర జట్టుకే. విచిత్రం, మనవాళ్లలో ఈ సంగతి గుర్తున్నవాళ్లు తక్కువ. 2025 నవంబరు 2న నవీ ముంబైలో మహిళల ప్రపంచకప్ గెలిచాక కెప్టెన్ హర్మన్‌ప్రీత్ వంగి కాళ్లకు మొక్కింది మన మహిళల జట్టుకు కోచ్‌గా ఉన్న ఈ మజుందార్‌కే. ఆ జట్టులో మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి కూడా ఉంది.

ఆ ఫిబ్రవరి మధ్యాహ్నం మాత్రం ఇదేదీ ఎవరికీ తెలియదు. డిక్లేర్ చేశారన్న కబురు రాగానే మజుందార్ వంగి ఒక్కో పట్టీ ఊడదీసి ఉంటాడు. పల్లీల పొట్లం ఖాళీ అయినవాళ్లు స్టేషన్ దారి పట్టి ఉంటారు. శారదాశ్రమ్ ఫీల్డింగ్‌కి దిగుతోంది, వాడూ లేచి వాళ్లతో నడిచాడు.