స్పామ్‌ను ఆపబోయి మాటను ఆపిన చట్టం: సెక్షన్ 66ఏ కథ

భావప్రకటన స్వేచ్ఛ మీద ప్రశ్న రాగానే మనం "శ్రేయా సింఘాల్ కేసు, 2015, 66ఏ కొట్టివేత" అని మూడు ముక్కలు రాసి ముందుకెళ్లిపోతాం. నేనూ అంతే చేసేవాణ్ని. ఒకరోజు బేర్ యాక్ట్ తెరిచి ఆ సెక్షన్ మొత్తం చదివాక, కథలో నేను వదిలేసిన ముక్క ఒకటి కనిపించింది.

2000లో ఐటీ చట్టం వచ్చినప్పుడు అందులో 66ఏ లేదు. 2008 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన సవరణతో అది చేరి, 2009 అక్టోబరు 27న అమల్లోకి వచ్చింది. శిక్ష మూడేళ్ల వరకు జైలు, జరిమానా. అందులో మూడు క్లాజులున్నాయి. (ఎ) తీవ్ర అభ్యంతరకరమైన లేదా బెదిరించే సమాచారం. (బి) అబద్ధమని తెలిసీ చిరాకు, అసౌకర్యం, ద్వేషం వంటివి కలిగించడానికి పదేపదే పంపే సమాచారం. (సి) చిరాకు పెట్టడానికి, లేదా ఎవరు పంపారో తెలియకుండా మోసం చేయడానికి పంపే ఈమెయిల్.

మూడోది మరోసారి చదవండి. మనం రోజూ తిట్టుకునే స్పామ్ అదే కదా! చిక్కంతా "చిరాకు" అన్న మాటలో ఉంది. లాటరీ మెయిల్ చూసినా చిరాకే, మనకు నచ్చని రాజకీయ అభిప్రాయం చూసినా చిరాకే. రెండింటినీ ఒకే గాటన కడితే ఏమవుతుందో 2012 నవంబరులో దేశం చూసింది. బాల్ ఠాక్రే మరణం తర్వాత ముంబయి స్తంభించిపోవడాన్ని ప్రశ్నిస్తూ పాల్‌ఘర్‌లో ఒక యువతి ఫేస్‌బుక్‌లో రాసింది. ఆమెనూ, ఆ పోస్టును లైక్ చేసిన స్నేహితురాలినీ పోలీసులు అరెస్టు చేశారు.

ఆ తర్వాతే శ్రేయా సింఘాల్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2015 మార్చి 24న జస్టిస్ చలమేశ్వర్ (మన కృష్ణా జిల్లావారే), జస్టిస్ నారిమన్ ధర్మాసనం 66ఏను పూర్తిగా కొట్టేసింది. చర్చ, సమర్థన, రెచ్చగొట్టడం వేర్వేరని, మూడో మెట్టు ఎక్కినప్పుడే ఆంక్షకు చోటుందని చెప్పింది. ఆర్టికల్ 19(2)లోని కారణాల్లో "చిరాకు", "అసౌకర్యం" లేనే లేవు. ఒక జాగ్రత్త: సెక్షన్ 69ఏను కోర్టు సమర్థించింది, సెక్షన్ 79ను కొట్టేయలేదు. వేదిక నడిపేవారు ఎవరో ఫిర్యాదు చేసిన ప్రతిదాన్నీ తీసేయక్కర్లేదు, కోర్టు ఆదేశమో ప్రభుత్వ నోటిఫికేషనో వస్తే తీయాలని 79కి అర్థం చెప్పింది. ప్రిలిమ్స్‌లో తికమక పెట్టే చోటు ఇదే.

ఫోన్ స్పామ్‌దీ ఇలాంటి కథే. 2011లో ట్రాయ్ ఒక సిమ్ నుంచి రోజుకు ఇన్నే ఎస్ఎంఎస్‌లని పరిమితి పెట్టింది. మొదట 100, తర్వాత 200. వ్యక్తిగత సందేశాలకూ ఆ పరిమితి వర్తించడం చెల్లదని 2012లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. 2018 నిబంధనల్లో ట్రాయ్ దారి మార్చింది. వ్యాపార సందేశాలు పంపేవారు నమోదు చేసుకోవాలి, హెడర్, టెంప్లేట్ కూడా నమోదు కావాలి, గ్రహీత సమ్మతిని లెక్కలోకి తీసుకోవాలి. అంటే చూసేది చిరాకును కాదు, పంపేవాడి గుర్తింపును, అందుకునేవాడి సమ్మతిని.

ఇంజినీరింగ్‌లో స్పామ్ ఫిల్టర్ ప్రాజెక్టు చేసినవారికి ఈ తేడా వెంటనే అర్థమవుతుంది. ఒక చెత్త మెయిల్ ఇన్‌బాక్స్‌లోకి వస్తే ఒక్క క్లిక్కుతో పోతుంది. ఇంటర్వ్యూ పిలుపు స్పామ్ ఫోల్డర్‌లో పడితే ఉద్యోగమే పోతుంది. చట్టం ఫిల్టరైనప్పుడు ఆ పొరపాటు ఖరీదు ఒక మనిషి స్వేచ్ఛ.

పైగా అది త్వరగా సరికాదు. 66ఏ కింద ఇంకా కేసులు పెడుతున్నారని తెలిసి 2021లో సుప్రీంకోర్టు విస్మయం వ్యక్తం చేసింది. ఆ సెక్షన్ కింద ఎవరినీ ప్రాసిక్యూట్ చేయకూడదని 2022 అక్టోబరులో మళ్లీ ఆదేశించాల్సి వచ్చింది. కోర్టు కొట్టేసిన సెక్షన్ ఏడేళ్ల తర్వాతా ఠాణాల్లో బతికే ఉంది!

రేపు మనలో ఎవరో ఒకరు జిల్లాలో ఆ కుర్చీలో కూర్చుంటారు. ఒక పోస్టు మీద ఫిర్యాదు బల్లమీదికి వస్తుంది. అప్పుడు "ఇది ఎవరికి చిరాకు తెప్పించింది?" అని కాదు, "ఇందులో మోసం ఉందా, రెచ్చగొట్టడం ఉందా?" అని అడగండి. జవాబు పత్రంలోనూ చివరి వాక్యం ఇదే రాయండి.