సెన్సర్ చెడితే శిక్ష ఎవరికి?

అమెరికాలో డీజిల్ బండ్ల పొగ మీద ఆంక్షలకు పునాది 1970 నాటి క్లీన్ ఎయిర్ చట్టం. 2010 ప్రమాణాలు వచ్చేసరికి నైట్రోజన్ ఆక్సైడ్లను (నాక్స్) తగ్గించేందుకు చాలా పికప్‌లలో పొగగొట్టంలోకి యూరియా ద్రావణం చిమ్మే పద్ధతి వచ్చింది. ఆ పని సరిగ్గా జరుగుతోందో లేదో కంప్యూటరుకు చెప్పేది నాక్స్ సెన్సర్. విపరీతమైన వేడిలో, మసిలో, తేమలో పనిచేసే ఈ చిన్న పరికరం చెడిపోతే, ఇంజను బాగానే ఉన్నా బండి వేగం పడిపోయేలా ఏర్పాటు చేశారు. ఈ చట్టం మీద బండి యజమానుల కోపానికి అసలు కారణం ఇదే.

పంట చేతికొచ్చే వేళ బండి మొరాయిస్తే నష్టపోయేది రైతే కదా, ఆ వ్యవస్థనే పీకేస్తే తప్పేమిటని కొందరి వాదన. వాళ్ల బాధ నిజం, ఎంచుకున్న మందు తప్పు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2020లో వేసిన అంచనా ప్రకారం, అంతకుముందు పదేళ్లలో 5,50,000కు పైగా డీజిల్ పికప్‌లలో ఈ నియంత్రణలను తొలగించారు. ఆ బండ్ల జీవితకాలంలో అదనంగా వెలువడే నైట్రోజన్ ఆక్సైడ్లు 5,70,000 టన్నుల పైమాటే. ఆ గాలి పీల్చేది దారి పక్కన ఇళ్లలోని పిల్లలు కూడా. అలాగని పరికరం లోపానికి యజమానిని దండించడమూ అన్యాయమే. యూరియా వ్యవస్థ లోపాలకు బండి హఠాత్తుగా కుంటుపడకుండా సాఫ్ట్‌వేర్ మార్చమని 2025 ఆగస్టులో ఆ సంస్థే తయారీదారులను కోరింది. ప్రమాణం కఠినంగానే ఉండాలి, మరమ్మతు మాత్రం చవగ్గా, త్వరగా అందాలి.