పావులూరి గణితము - లోకవ్యవహారము

రాజరాజనరేంద్రుని కాలమును (1022-1061) గూర్చి వ్రాయు చరిత్రకారులు నన్నయభట్టారకుని భారతముతో నారంభించి యందే విశ్రమింతురు. ఆ రాజు పేరితో ముడివడిన మఱియొక గ్రంథము, పావులూరి మల్లన సారసంగ్రహగణితము, ఒక వాక్యమునఁ బేర్కొనఁబడి విడువఁబడుచున్నది. గ్రంథకర్త యా రాజుచే నగ్రహారమందిన మల్లనయో, యాతని మనుమఁడగు మల్లనయో యను వివాదమునకైన కొంత చోటు దొరకును గాని గ్రంథవిషయమునకు దొరకదు. లెక్కల పుస్తకమునకు సాహిత్యమున నేమి పని యని కాఁబోలు తలంపు. పూర్వుల తలంపు వేఱు.

మల్లన కృతికి మూలము మహావీరాచార్యుని గణితసారసంగ్రహము. ఈ యాచార్యుఁడు జైనుఁడు. రాష్ట్రకూటచక్రవర్తి యగు నమోఘవర్షనృపతుంగుని (814-878) బ్రశంసించి 850 ప్రాంతమున దీనిని సంస్కృతమున రచించెను. 1912లో రంగాచార్యులవారు చెన్నపురియం దాంగ్లానువాదముతోఁ బ్రకటించిరి. తొలి యధ్యాయమునందే గణితప్రశంస కలదు. లోకవ్యవహారమునకును, వైదికకర్మకును, మతాచారమునకును గణన మక్కఱకు వచ్చునని చెప్పి, అర్థశాస్త్రము, సంగీతము, నాట్యము, పాకశాస్త్రము, వైద్యము, వాస్తువు మొదలగువానిని జేర్చి, ఛందస్సును, అలంకారమును, తర్కమును, వ్యాకరణమును గూడ నా జాబితాలోనే యుంచెను. వంటవాఁడును వైయాకరణుఁడును నొక్క పంక్తిని గూర్చుండుట నేఁటి పాఠశాలలలోఁ గానరాని వింత. ఇది పొగడ్తకై చెప్పిన మాట కాదు. మిశ్రకవ్యవహారమను నధ్యాయము చివర మహావీరుఁడు ఛందఃప్రస్తారమునకు సూత్రములు వ్రాసి చూపినాఁడు.

ఈ సూత్రముల ప్రయోజన మొక్క యుదాహరణమున స్పష్టమగును. ఉత్పలమాల కృతిచ్ఛందమున 3,55,799వ వృత్తమని ఛందోగ్రంథములు చెప్పును, బాలురు వల్లింతురు. ఈ యంకె యెట్లు వచ్చెనని యడిగిన బాలుని నూరకుండుమనుటయే పలుచోట్ల నుత్తరము. లెక్క సులభము. పాదమందలి యిరువది యక్షరములపై వరుసగా 1, 2, 4, 8 అని రెండింతలుగ నంకెలు వేయవలయును. భ ర న భ భ ర ల గ లలో 2, 3, 5, 7, 8, 9, 11, 12, 14, 15, 17, 19 స్థానములు లఘువులు. ఆ లఘువులపై నున్న యంకెలను మాత్రము కూడిన 3,55,798. దానికి 1 చేర్పఁగా వృత్తసంఖ్య. కృతిచ్ఛందమునఁ బుట్టఁగల వృత్తములు మొత్తము 10,48,576. వానిలోఁ గవుల చెవికెక్కినవి మిక్కిలి కొలఁది. ఎన్నింటిని విడిచి యీ నడకను గవు లేరుకొనిరో గణితము తెలియనివానికిఁ దెలియదు.

ఈ విద్య రాజమహేంద్రవరమున నొక్కసారిగఁ బుట్టినది కాదు. కోరుట్లకును సిరిసిల్లకును నడుమ రుద్రంగి గలదు. దాని కనతిదూరముననున్న వేములవాడ పదవ శతాబ్దమునఁ జాళుక్యుల రాజధాని. ఆ రాజులు రాష్ట్రకూటుల సామంతులు. రెండవ యరికేసరి యాస్థానమునఁ బంపకవి 941లో విక్రమార్జునవిజయమును గన్నడమున రచించెను. పంపని తమ్ముఁడు జినవల్లభుఁడు కుర్క్యాల బొమ్మలగుట్టపై సంస్కృత కన్నడాంధ్రములఁ జెక్కించిన శాసనమున మూఁడు తెలుఁగు కందములున్నవి. అవి నన్నయకుఁ బూర్వపువి. మహావీరుఁ డీ సీమకు వచ్చెనని చెప్పఁ బనిలేదు. ఆతని ప్రభువుల యేలుబడియు, నాతని మతమును నిచట నుండెననుట చాలును. కందమునఁ జతుర్మాత్రాగణములు మొదటిపాదమున మూఁడు, రెండవపాదమున నైదు, ఉత్తరార్ధము నట్లే. పద్యమంతయు 64 మాత్రలు. చదరంగపు గడులును 64 అగుట కాకతాళీయమే, కాని చెప్పక విడువ మనసొప్పదు.

సిరిసిల్ల నేఁతకుఁ బేరుపడిన యూరు. మగ్గమును గణితమునకు దూరము కాదు. సర్కారు సీమల నేఁతగాండ్రు పూర్వము పడుగును బుంజములుగ లెక్కించెడివారు. పుంజమునకు 120 పోగులు. నూఱేల కాకపోయెను? నూఱును మూఁటఁ బంచిన నొక పోగు మిగులును. నూటయిరువదిని 2, 3, 4, 5, 6, 8, 10, 12లచే శేషము లేక భాగింపవచ్చును. 14 పుంజముల పడుగునకు 1,680 పోగులు. చాఱలు మూఁడైనను నాలుగైనను సమముగ వచ్చును. ఇన్ని పోగుల కింత నూలైనచో నన్నింటి కెంత యనుట త్రైరాశికము. శాస్త్రకారు లిందలి మూఁడు రాశులకు బ్రమాణము, ఫలము, ఇచ్ఛ యని పేరులిడిరి. సంజ్ఞాకరణమున వారి నేర్పు పాణిని నేర్పునకుఁ దీసిపోదు.

ఉపయోగమొక్కటియే కాదు. 12345679ని 9చే హెచ్చవేసిన 111111111. 142857143ని 7చే హెచ్చవేసిన 1000000001. ఎటనుండి చదివినను నొక్కటియే యగు నిట్టి ఫలములను మహావీరుఁడు కంఠాభరణములతోఁ బోల్చెను. పద్యమున యమకమునకు సంతసించువాఁ డీ హారములకేల సంతసింపఁడో తెలియదు.

మల్లన మూలమందలి జినస్తుతిని విడిచి శివస్తుతిని నిలిపెను. మతము మాఱినది గాని హెచ్చవేఁత మాఱలేదు. ఆతనిదిగాఁ బ్రసిద్ధమైన పద్య మొకటి చదరంగపు గడులలో నొక గింజనుండి రెండింతలుగఁ బోయఁగా వచ్చు మొత్తమును, 18446744073709551615ను, భూతసంఖ్యలతోఁ జెప్పును. శరము 5, శశి 1, ఋతువు 6, గగనము 0; అంకెల నడక యెడమకు. శాసనములం దిట్టి పదములే శకవర్షములను దెలుపును. శర-శశి-గగన-చంద్ర యన్నచో 1015, అనఁగా క్రీ. శ. 1093, క్రమమెఱుఁగనివాఁడు 5101 అనును. సముద్రమునకు నాలుగనియు నేడనియు, దిక్కునకు నాలుగు, ఎనిమిది, పది యనియు వాడుక కలదు. శాసనమున నిట్టి పదము వచ్చినపుడు వారతిథులను గుణించి చూడవలయును. మల్లన పద్యమున నంతకంటె సులభము. సముద్రవాచకమున్న తావుల నేడు వేసిన మొత్తము చెడును, నాలుగు వేసిన సరిపోవును. లేఖకుఁ డొక పదమును మార్చినను, విడిచినను, అఱువదినాలుగు గడుల కూడిక దానిని బట్టియిచ్చును. ఇచటఁ బాఠనిర్ణయమునకుఁ దాళపత్రప్రతులకంటె గుణకారమే బలవత్తరమైన సాక్షి.