మెమరీ కార్డుల రకాలు, పొందిక: భద్రాచలం మన్యంలో క్షేత్రపరిశోధన - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఖమ్మం-భద్రాచలం అటవీప్రాంతపు సంస్కృతిని నమోదు చేయడంలో డిజిటల్ కెమెరా ముఖ్యసాధనమైంది. ఆ కెమెరాలలో వాడిన మెమరీ కార్డుల పరిణామాన్ని, వాటి పొందికను పరిశీలించి, పాత కార్డులలోని సామగ్రిని కాపాడుకోవలసిన అవసరాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: క్షేత్రపర్యటన, మెమరీ కార్డు, కోయలు, కొండరెడ్లు, మౌఖిక సాహిత్యం.

1. ప్రవేశిక

ఖమ్మం పరిధిలోని ఖానాపురం హవేలి నుంచి భద్రాచలం వైపు సాగేకొద్దీ కోయ, కొండరెడ్డి ఆవాసాలు కనిపిస్తాయి. 1940లలో హైమెన్‌డార్ఫ్ గోదావరి తీరపు కొండరెడ్ల జీవితాన్ని అధ్యయనం చేసి, 1945లో 'ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్' గ్రంథాన్ని ప్రకటించారు. ఆయన తీసిన ఛాయాచిత్రాలు లండన్‌లోని సోయాస్ సంస్థలో భద్రంగా ఉన్నాయి. ఫిల్ము నెగెటివును వెలుతురుకు ఎదురుగా పట్టుకొంటే బొమ్మ కనిపిస్తుంది. మెమరీ కార్డుకు ఆ సౌలభ్యం లేదు. దానికి తగిన రీడరు లేనప్పుడు అందులోని సామగ్రి ఉన్నా లేనట్లే.

2. కార్డుల పరిణామం

తోషిబా ఇంజినీరు ఫుజియో మసువోకా 1980లలో రూపొందించిన ఫ్లాష్ మెమరీయే ఈ కార్డులకు మూలం. శాన్‌డిస్క్ 1994లో కాంపాక్ట్‌ఫ్లాష్‌ను, తోషిబా 1995లో స్మార్ట్‌మీడియాను, సోనీ 1998లో మెమరీ స్టిక్‌ను ప్రవేశపెట్టాయి. 1999లో శాన్‌డిస్క్, మత్సుషిత, తోషిబా కలిసి ఎస్‌డి కార్డును ప్రకటించాయి. 2002లో ఒలింపస్, ఫ్యూజీఫిల్మ్ సంస్థలు ఎక్స్‌డి కార్డును తెచ్చాయి. ఒక్కో సంస్థ ఒక్కో రూపాన్ని ఎంచుకోవడంతో ఒక కెమెరా కార్డు మరొక కెమెరాలో పట్టని స్థితి ఏర్పడింది. 2010లో సోనీ కూడా ఎస్‌డిని స్వీకరించడంతో ఈ పోటీ చాలావరకు ముగిసింది.

3. పొందిక సమస్యలు

ఆకారం ఒకటే అయినంత మాత్రాన పొందిక ఉండదు. ఎస్‌డి 2 జీబీ వరకు, ఎస్‌డిహెచ్‌సి 32 జీబీ వరకు, ఎస్‌డిఎక్స్‌సి 2 టీబీ వరకు నిల్వచేస్తాయి. కొత్త కెమెరా పాత కార్డును చదువుతుంది. 2006కు ముందరి ఎస్‌డి కెమెరా సాధారణంగా ఎస్‌డిహెచ్‌సి కార్డును గుర్తించదు. ఎస్‌డిఎక్స్‌సి కార్డు ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఉంటుంది కనుక, పాత కంప్యూటరు దానిని ఫార్మాట్ చేయమని అడగవచ్చు. అందుకు అంగీకరిస్తే సేకరణ చేజారుతుంది. స్మార్ట్‌మీడియాలో 3.3 వోల్టులు, 5 వోల్టులు అనే రెండు రకాలున్నాయి. పేరులో పోలిక ఉన్నా సీఎఫ్ఎక్స్‌ప్రెస్ కార్డు కాంపాక్ట్‌ఫ్లాష్ స్లాటులో పనిచేయదు. ఫ్యాట్32 పద్ధతిలో ఒక ఫైలు 4 జీబీని మించదు కనుక, సుదీర్ఘమైన గాథాగానపు వీడియో పలు ముక్కలుగా నమోదవుతుంది. ఒక ముక్క పోయినా గాథ క్రమం తెగుతుంది.

4. నష్టం స్వభావం

సమ్మక్క-సారలమ్మ గాథను గానం చేసిన కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్య 2022లో పద్మశ్రీ పొంది, 2024లో మరణించారు. అటువంటి గాయకుల అనంతరం వారి గానానికి మిగిలే ఆధారం రికార్డింగులే. పోలవరం ముంపు కారణంగా 2014లో భద్రాచలం ప్రాంతపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో విలీనమయ్యాయి. ఖాళీ అయిన గ్రామాలను పూర్వరూపంలో మళ్లీ చిత్రించడం అసాధ్యం. విద్యుత్తు అందకుండా ఏళ్ల తరబడి పడివున్న ఫ్లాష్ కార్డులో విద్యుదావేశం క్రమంగా క్షీణిస్తుంది. అందువల్ల కార్డును శాశ్వత భాండాగారంగా భావించడం పొరపాటు.

5. ఉపసంహారం

పై పరిశీలనను బట్టి కొన్ని సూచనలు చేయవచ్చు. రీడర్లు అరుదైపోతున్న స్మార్ట్‌మీడియా, ఎక్స్‌డి, మెమరీ స్టిక్ కార్డుల ప్రతులను ముందుగా తీయాలి. ఎస్‌డి కార్డు పక్కనున్న లాక్ మీటను వేసిన తరువాతనే కంప్యూటరుకు అనుసంధానించాలి. ప్రతులను కనీసం రెండు వేర్వేరు చోట్ల ఉంచాలి. గాయకుని పేరు, ఊరు, తేదీ, సందర్భం జతచేయాలి. విశ్వవిద్యాలయాలు సిద్ధాంతగ్రంథంతో పాటు క్షేత్రసామగ్రి ప్రతిని కూడా స్వీకరిస్తే, తరువాతి పరిశోధకులకు వ్యాఖ్యానంతో పాటు దాని మూలం కూడా అందుతుంది.