కంట్రీ సౌండ్ కోసం వెతికితే పాలకొల్లు దొరికింది

బేస్తవారిపేటలో మా మిద్దె మీద గదిలోంచి మాట్లాడుతున్నా. వెనకాల ఫ్యాన్ సౌండ్ వస్తుంటే కాస్త సర్దుకోండి. దాన్ని ఆపితే ఈ ఎండకి నేను ఉండలేను.

బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేటప్పుడు సెకండ్ హ్యాండ్‌లో ఒక టెలీకాస్టర్ కాపీ గిటార్ కొన్నా. అమెరికా కంట్రీ పాటల్లో తీగ "టంగ్"మని తెగినట్టు మోగుతుంది చూడండి, ఆ సౌండ్ నాకు పిచ్చి. నా గిటార్‌లో అది రాలేదు. పికప్ మారిస్తే వస్తుందన్నారు. షాపుకి పోతే "ఇది పవర్‌ఫుల్ బ్రో" అని ఒకటి అంటగట్టాడు. బిగించాక సౌండ్ పెద్దదయింది, ఆ టంగ్ మాత్రం ఉన్నది కూడా పోయింది! అప్పుడు కూర్చుని ఇదసలు ఏందో చదవడం మొదలుపెట్టా. చదువుతూ చదువుతూ మన గోదావరి జిల్లాలో తేలా.

ముందు పికప్ అంటే చెప్తా. ఒక అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కంటే సన్నని రాగి తీగ, కొన్ని వేల చుట్లు. దాదాపు 0.06 మిల్లీమీటర్ల మందం. పైన స్టీల్ తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, చుట్టలో చిన్న కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టింది ఇదే, ఇంటర్ ఫిజిక్స్‌లో మనం బట్టీ పట్టిందే. చుట్లు పెంచితే సౌండ్ పెరుగుతుంది, కానీ పైస్థాయి మెరుపు తగ్గుతుంది. షాపువాడు నాకిచ్చిన "పవర్" ఇదన్నమాట.

అమెరికాలో ఈ కథ 1930ల మొదట్లో మొదలైంది. జార్జ్ బోషాంప్ అనే ఆయన పెనం ఆకారంలో ఒక గిటార్ చేశాడు. ఒళ్ళో పెట్టుకుని, తీగల మీద ఇనుప కడ్డీ జరుపుతూ వాయించే హవాయి గిటార్ అది. తర్వాత కాలిఫోర్నియాలో రేడియోలు రిపేర్ చేసుకునే లియో ఫెండర్ వచ్చాడు. ఈయనకి గిటార్ వాయించడం రాదు! 1950లో ఆయన కంపెనీ ఒక గట్టి చెక్క గిటార్ అమ్మకానికి పెట్టింది. 1951కి దాని పేరు టెలీకాస్టర్ అయింది. బ్రిడ్జ్ దగ్గర ఒకటే చుట్ట ఉన్న పికప్, దాని అడుగున ఉక్కు రేకు, బిగించింది కూడా ఉక్కు పళ్ళెంలోనే. ఆ పదునుకి ఇవన్నీ కారణమే.

ఒక్క చుట్టకి ఒక జబ్బుంది, గుయ్‌మనే హమ్. ఇంట్లో కరెంటు తీగల చుట్టూ ఉండే క్షేత్రాన్ని కూడా అది పట్టేస్తుంది. మనకి 50 హెర్ట్జ్, అమెరికాలో 60. గిబ్సన్ కంపెనీలో సేత్ లవర్ దీనికి మందు కనిపెట్టాడు. రెండు చుట్టలు ఎదురెదురు దిశల్లో, అయస్కాంతాలు కూడా తలకిందులుగా. హమ్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, తీగ సౌండ్ మాత్రం కలుస్తుంది. 1957 నుంచి ఆ పికప్‌లు గిటార్లలో వచ్చాయి. కానీ సౌండ్ బొద్దుగా, మెత్తగా మారింది. అందుకే కంట్రీ వాళ్ళు చాలామంది హమ్‌ని భరిస్తూ ఒంటి చుట్టతోనే ఉండిపోయారు.

ఇప్పుడు అసలు మలుపు. కంట్రీకి దగ్గరి చుట్టం వెస్టర్న్ స్వింగ్. అందులో బాబ్ విల్స్ బ్యాండ్ పెద్ద పేరు. ఆ బ్యాండ్‌లో వాయించిన టైనీ మూర్ కోసం పాల్ బిగ్స్‌బీ 1952లో ఎలక్ట్రిక్ మాండొలిన్ చేశాడు. మామూలు మాండొలిన్‌కి నాలుగు జతలు, ఎనిమిది తీగలు. దీనికి అయిదు ఒంటి తీగలు. 1956లో ఫెండర్ కూడా నాలుగు ఒంటి తీగలతో ఒకటి తెచ్చింది.

అయిదు ఒంటి తీగలు, పికప్... ఎక్కడో చూసినట్టుంది కదా? మాండొలిన్ శ్రీనివాస్! ఉప్పలపు శ్రీనివాస్, 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టాడు. వాళ్ళ నాన్న సత్యనారాయణగారు క్లారినెట్ వాయించేవారు. ఇంట్లో ఉన్న మాండొలిన్‌ని పిల్లోడు అయిదారేళ్ళకే పట్టుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడితే, ఆ పాటని తీగ మీద ఎట్లా తేవాలో పిల్లోడే వెతుక్కున్నాడు. ఫెండర్‌కి గిటార్ రాదు, ఈ గురువుగారికి మాండొలిన్ రాదు. భలే ఉంది కదా!

నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించింది ఈ ముక్క. పాడే గురువు గొంతులో గమకం ఉంటుంది. స్వరం ఊగుతుంది, పక్క స్వరానికి జారుతుంది. మామూలు మాండొలిన్ మీద తీగ మీటితే "టిక్"మని మోగి చచ్చిపోతుంది. వేలు జారేలోపు అక్కడ సౌండే మిగలదు. పైగా ప్రతి స్వరానికీ రెండు తీగలు నొక్కాలి. అందుకే శ్రీనివాస్ జతల్ని తీసేసి అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌కి మారాడు. పికప్, యాంప్లిఫయర్ ఉంటే ఆరిపోతున్న సౌండ్ కూడా వినపడుతుంది, జారడానికి టైం దొరుకుతుంది. టైనీ మూర్‌ని చూసి చేశాడని నేననట్లేదు. అక్కడ గట్టి డ్యాన్స్ బ్యాండ్ మధ్య వినపడాలి, ఇక్కడ గమకం బతకాలి. అవసరాలు వేరు, చేరింది మాత్రం ఒకే చోటుకి.

1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనలో మొదటి కచేరీ. వయసు తొమ్మిదేళ్ళు. 1983లో బెర్లిన్ జాజ్ ఫెస్టివల్. కరెంటు వాయిద్యం మీద కీర్తనలేంటని గొణిగినవాళ్ళూ ఉన్నారు. నాకు ఆ గొణుగుడు అర్థం కాదు. వయొలిన్ కూడా యూరప్ నుంచి వచ్చిందే. బాలుస్వామి దీక్షితార్ 1800ల తొలి రోజుల్లో దాన్ని మన సంగీతంలోకి తెచ్చారు. తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడుగారి చేతిలో వింటే అది పరాయిదని ఎవరంటారు? శ్రీనివాస్‌కి 1998లో పద్మశ్రీ వచ్చింది. తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌లతో రిమెంబర్ శక్తిలో వాయించాడు. 2014 సెప్టెంబర్ 19న చెన్నైలో పోయాడు. 45 ఏళ్ళే. ఆ రోజు నాకు ఆయన పేరు తప్ప ఏమీ తెలీదు, ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.

ఇక నా గిటార్ సంగతి. ఆ పవర్‌ఫుల్‌ది పీకేసి, ఆల్నికో అయస్కాంతం ఉన్న, చుట్లు తక్కువున్న ఒంటి చుట్ట పికప్ వేశా. టంగ్ వచ్చింది, దాంతోపాటు గుయ్ కూడా. మా ఇంట్లో సగం ప్లగ్గులకి ఎర్తే లేదని ఎలక్ట్రీషియన్ వచ్చి చూశాకే తెలిసింది. ముందు దాన్ని సరిచేయించుకోండి, అది సౌండ్ కోసం కాదు, ప్రాణం కోసం. తర్వాత కూడా కొంచెం హమ్ ఉంటుంది. ట్యూబ్‌లైట్‌కీ, ఫోన్ చార్జర్‌కీ దూరంగా కూర్చుంటే తగ్గుతుంది. ఇంకోటి, ఇత్తడి లాంటి రంగులో ఉండే అకూస్టిక్ తీగలు దీనికి వేయకండి. అయస్కాంతం వాటిని సరిగ్గా పట్టుకోదు.

ఇప్పుడు ఫోన్ స్పీకర్‌లో కాకుండా ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. ముందు టైనీ మూర్‌ని, వెంటనే శ్రీనివాస్‌ని వినండి. మీటిన తర్వాత తీగ ఎంతసేపు బతికుందో, ఆ సందులో వేలు ఏం చేసిందో, అది గమనించండి.