చద్దర్లు తప్ప ఏమున్నది? – మన సోలాపూర్‌ను మనం చూసుకుందాం



పెండ్లికో పండుగకో తెలంగాణ నుంచి చుట్టాలు వస్తే మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటే: "బావా, మీ షోలాపూర్ల చద్దర్లు తప్ప చూసెటందుకు ఏమున్నది?" మేమూ నవ్వి ఊరుకుంటాం. తెల్లారి బండి మాట్లాడి తుల్జాపూర్ భవానీని, పండరీపురం విఠలుణ్ణి, అక్కల్‌కోట స్వామిని చూపించి, వచ్చేటప్పుడు నాలుగు దుప్పట్లు మూటగట్టి రైలెక్కిస్తాం. మహారాష్ట్ర చూడవచ్చే యాత్రికులు కూడా ఇంతే చేస్తారు. సోలాపూర్ వాళ్లకు బండి మారే ఊరు మాత్రమే. ఈ వార్షికోత్సవ సంచికలో ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పాలని మా ప్రయత్నం.

హైదరాబాద్ రోడ్డు మీదుగా వస్తే సోలాపూర్ ఇంకా 45 కిలోమీటర్లు ఉందనగా నల్‌దుర్గ్ కోట వస్తుంది. ఈ రోడ్డు మామూలు రోడ్డు కాదు. పూణే నుంచి సోలాపూర్, హైదరాబాద్, విజయవాడ మీదుగా మచిలీపట్నం దాకా పోయే 65వ నంబరు జాతీయ రహదారి ఇది. నల్‌దుర్గ్‌లో బోరీ నదికి అడ్డంగా బీజాపూర్ సుల్తాను రెండవ ఇబ్రహీం ఆదిల్‌షా కాలంలో ఆనకట్ట కట్టి, దాని కడుపులోనే ఒక మహలు కట్టారు. పేరు పానీ మహల్. వానాకాలం నీళ్లు పైనుంచి దుంకుతుంటే లోపల గదిలో నిలబడి చూడవచ్చు.

ఊళ్లోకి వస్తే నడిబొడ్డున భుయికోట్ కోట. గుట్ట మీద కాకుండా నేల మీద కట్టిన కోట కనుక ఆ పేరు. బహమనీల కాలం నాటిది. దీనికోసం బీజాపూర్, అహ్మద్‌నగర్ సుల్తానులు ఏండ్ల తరబడి కొట్లాడుకున్నారు. చివరికి అహ్మద్‌నగర్ హుసేన్ నిజాంషా తన బిడ్డ చాంద్‌బీబీని బీజాపూర్ అలీ ఆదిల్‌షాకు ఇచ్చి, ఈ కోటను కట్నంగా రాసిచ్చాడు. ఆ వియ్యంతో ఒక్కటైన సుల్తానులే 1565లో అళియ రామరాయల మీదికి పోయి విజయనగరాన్ని పడగొట్టారు. మన తెలుగువాళ్ల చరిత్ర మలుపు తిరగడంలో సోలాపూర్ కోటకూ పాలుందని మా పిల్లలకు ఏ బడిలోనూ చెప్పలేదు. 1818 మే నెలలో పీష్వా సేన నుంచి దీన్ని పట్టుకున్న ఇంగ్లీషు సేనాని థామస్ మన్రో. రాయలసీమలో రైత్వారీ పద్ధతి పెట్టిన మన్రో దొర ఆయనే.

కోట పక్కనే చెరువు, చెరువులో సిద్ధేశ్వర్ గుడి. 12వ శతాబ్దపు సిద్ధరాముడు బసవన్న కాలంవాడు. కన్నడంలో వచనాలు చెప్పాడు. చిన్ననాడు మల్లన్నను వెతుక్కుంటూ శ్రీశైలం దాకా పోయాడని కథ. అందుకే ఆయన వచనాల ముద్రలో మల్లికార్జునుడి పేరుంటుంది. ఆ శరణుల పరంపరలో ఆయనకంటే ముందే జేడర దాసిమయ్య ఉన్నాడు. జేడర అంటే నేతగాడు. సంక్రాంతికి జరిగే గడ్డా జాతరలో ఎత్తయిన నందిధ్వజాలు ఊరేగుతాయి. సిద్ధరాముణ్ణి కోరుకున్న కుమ్మరి పిల్లకు ఆయన యోగదండంతో పెండ్లి జరిగిన కథను ఏటేటా గుర్తు చేసే జాతర అది.

ఇంతవరకు చెప్పినవి ఏ టూరిస్టు పుస్తకంలోనైనా దొరుకుతాయి. దొరకనిది ఇక చెబుతాం.

1860లో బొంబాయి రైలు సోలాపూర్ చేరింది. 1871లో ఆ దారి రాయచూరు దగ్గర మద్రాసు రైలుతో కలిసింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రైలు పడింది. వెనుకనే 1876–78 కరువు వచ్చింది. ఆ కరువు నడుమనే, 1877లో, సోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు నడక మొదలుపెట్టింది. ఊరంతా దాన్ని జునీ గిర్నీ, అంటే పాత మిల్లు అనేది. మిల్లు నూలు ఉన్నచోట మగ్గానికి పని ఉంటుంది. ఆసు, కండెలు సంకన పెట్టుకుని మన పెద్దలు తెలంగాణ పల్లెల నుంచి తరతరాలుగా వచ్చి చేరారు. గుంట మగ్గాల మీద మరాఠీ ఆడబిడ్డలు కట్టుకునే తొమ్మిది గజాల చీరలు నేశారు. తర్వాత సాంచాలు వచ్చాయి, జకార్డు చద్దర్లు, టవళ్లు వచ్చాయి. ఆ రెండింటికీ ఇవాళ భౌగోళిక గుర్తింపు ఉంది.

1930 మే 5న గాంధీజీని అరెస్టు చేయగానే మిల్లు కూలీలు రోడ్డెక్కారు. పోలీసు కాల్పులు జరిగాయి. కొద్దిరోజులు సర్కారే ఊరు వదిలిపెట్టింది. మే 12 నుంచి జూన్ ఆఖరు దాకా మార్షల్ లా. 1931 జనవరి 12న ఎరవాడ జైలులో మల్లప్ప ధనశెట్టి, శ్రీకిసన్ సార్డా, జగన్నాథ్ శిందే, కుర్బాన్ హుసేన్‌లను ఉరితీశారు. నలుగురి విగ్రహాలు హుతాత్మా చౌక్‌లో ఉన్నాయి. రోజూ ఆ చౌక్ మీదుగా పోయే మనం ఎన్నిసార్లు ఆగి పేర్లు చదివాం?

పాత మిల్లు 1949లో మూతపడితే 1950 జనవరిలో కేంద్రం ఆర్డినెన్సు తెచ్చి చేతిలోకి తీసుకుంది. వాటాదారులు సుప్రీంకోర్టుకు పోయారు. కొత్త రాజ్యాంగంలో ఆస్తి హక్కు ఎంతవరకు అని తేల్చిన తొలి కేసుల్లో అది ఒకటి. లా చదివే పిల్లలు ఇప్పటికీ షోలాపూర్ కేసు అని చదువుతారు. ఆ మిల్లు నూలు తమ తాత మగ్గం మీద పడుగైందని మాత్రం మన పిల్లలకు తెలియదు.

ఇక పూర్వభాగ్. మన వాడలు అవే. శ్రావణ పున్నమినాడు మార్కండేయ మహాముని రథం కదిలితే ఈ ఊళ్లో ఎంతమంది సాలోళ్లం ఉన్నామో కండ్లారా చూడవచ్చు. ఊరి అవతల కుంభారిలో 2006లో బీడీ కార్మిక స్త్రీలకు అందిన పదివేల ఇండ్ల కాలనీ ఉంది. మగ్గం ఆగిన ఇంటికి బీడీ చేట అన్నం పెట్టింది. ఆ తల్లుల చేతులు కూడా ఈ ఊరి చరిత్రలో లెక్కే.

కోటకు పురావస్తు శాఖ ఉంది, గుడికి భక్తులున్నారు. మన మగ్గపు గుంటలకు ఎవరున్నారు? పూడ్చి బండలు పరిచేశాం. పాత మిల్లు భోంగా విని లేచినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. నిరుడు మా వాడలో ఒక తాత పోయాక, ఆయన పెట్టెలో దొరికిన నాడెను మనుమడు చూసి "ఇదేంటిది?" అని అడిగాడు. జవాబు చెప్పినవాళ్లం ఇద్దరమే.

అందుకే ఒక మాట. ఈసారి చుట్టాలొస్తే తుల్జాపూర్ తప్పక పోదాం, కాని ఒక పూట ఊరికి కూడా ఇద్దాం. పొద్దున కోట, చెరువు, గుడి, ఆ తర్వాత హుతాత్మా చౌక్, మధ్యాహ్నం పూర్వభాగ్‌లో ఆడుతున్న ఒక సాంచా. ఇంట్లో పెద్దవాళ్లుంటే కూర్చోబెట్టి, ఏ పల్లె నుంచి వచ్చారు, ఏ మిల్లు నూలు, ఏ చీర నేశారు అని ఫోన్లో రికార్డు చేసుకుందాం. ఈ సంచిక కాగితం మీద కాదు, ఫోన్లోనే వస్తోంది కదా. వాళ్ల గొంతు కూడా అదే ఫోన్లో ఉండనీ.

అప్పుడు "చద్దర్లు తప్ప ఏమున్నది?" అని బావ అడిగితే, ఆ చద్దర్ వెనకాల ఏమున్నదో మన పిల్లలే చెబుతారు.

జై మార్కండేయ!