వలసవారి కాగితాలు – ఇంటి స్కానరు

మన ముత్తాతల ముఖాలు మనకెలా తెలుసు? మారిషస్ ఆంధ్రుల ఇళ్ళలో ఈ ప్రశ్న వేస్తే గోడ మీది పటాన్ని చూపగలవారు బహు కొద్దిమంది. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో వలస రిజిస్టర్లు వెదికించి, నంబరు పట్టుకొని, నకలు తెచ్చుకున్నవారే ఎక్కువ. ఆ ఫొటోలో ముత్తాత నవ్వడు. అది ఆయన ముచ్చటపడి తీయించుకున్న ఫొటో కాదు, సర్కారు తీయించినది.

1867 నాటి శాసనం ప్రకారం, ఒప్పందపు కాలం పూర్తి చేసుకున్న "పాత వలసదారు" తన ఫొటో అతికించిన టికెట్టును ఎల్లవేళలా దగ్గర ఉంచుకోవాలి. టికెట్టు లేకుండా దారిలో పోలీసులకు చిక్కితే చెరసాలే. ఈ బాధ భరించలేక 1871లో 9,401 మంది పాత వలసదారులు అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తోట యజమాని సాయంతో గవర్నరుకు అర్జీ పెట్టుకున్నారు. మరుసటి ఏడు రాయల్ కమిషన్ నియమింపబడింది. చిత్రమేమంటే, వారిని కట్టడి చేయడానికి తీసిన ఫొటోయే నేడు మనకు మిగిలిన జ్ఞాపకం! ఫిజీ, గయానా, సురినామ్, ట్రినిడాడ్ దేశాల గిర్మిట్ రికార్డులను 2011లోను, మన మారిషస్ రికార్డులను 2015లోను యునెస్కోవారు ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చారు. సంతోషించవలసిన విషయమే.

మరి మనవాళ్ళు తమంతట తాము దాచుకున్న కాగితాల మాటేమిటి? కోరంగి వైపు నుంచి ఎవరో వ్రాసి పంపిన జాబు, రేకు పెట్టెలో అడుగున పెట్టిన విడుదల పత్రం, తాటాకు మీద వ్రాసిన జాతకం – ఇవన్నీ ఏమైనవి? 1892 తుఫాను, 1960 కేరోల్ తుఫాను కొన్నింటిని ఎగరగొట్టాయి. చెదలు కొన్నింటిని తిన్నాయి. తెలుగు చదవలేని మనుమలు చెత్త అనుకొని పొయ్యిలో వేసినవి ఇంకెన్నో. ఆఫీసు దాచిన కాగితం నిలిచింది, ఇల్లు దాచిన కాగితం పోయింది. అందువల్ల మన చరిత్ర అంతా గుమాస్తా చేతివ్రాతలోనే ఉంది. మన చేతివ్రాతలో లేదు.

ఈ సంగతి నాకు షార్జాలో ఉద్యోగం చేస్తున్న ఈ సంవత్సరాలలో మరింత బోధపడింది. అరబ్బు ఎమిరేట్స్‌లో తెలుగువారు లక్షల్లో ఉన్నారనుట అందరికీ తెలిసినదే. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు వైపు నుంచి కట్టడపు పనికి వచ్చినవారు, కడప, గోదావరి జిల్లాల నుంచి ఇళ్ళలో పనికి వచ్చిన స్త్రీలు, ఇటీవల కంప్యూటరు చదువులతో వచ్చినవారు. వీరిది గిర్మిట్ కాదు. ఆ రెండింటినీ ఒకే త్రాసులో వేసేవారితో నేను ఏకీభవించను. మనవారు అయిదేళ్ళకు వేలిముద్ర వేసి సముద్రం దాటితే, వీరు రెండేళ్ళ ఒప్పందంతో విమానంలో వచ్చి, సెలవుకు ఇంటికి వెళ్ళి వస్తారు. అయినా ఒక్క బిరుదు మాత్రం మారలేదు. ఆనాడు మద్రాసు రేవులో మన పెద్దలను పరీక్షించి ఓడ ఎక్కించిన అధికారి పేరు "ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రంట్స్". 1983 వలస చట్టం క్రింద నేటికీ గల్ఫ్ కార్మికుని కాగితాలు చూసే అధికారి పేరు కూడా అదే! జగిత్యాల కుర్రవాడికి ఆ మాట చెబితే నమ్మలేదు.

కాగితాల విషయంలో ఈ దేశానికీ మనకూ పాత చుట్టరికమే. దుబాయిలో మొదటి తపాలా కార్యాలయం 1909లో తెరచినప్పుడు అది భారత తపాలా శాఖది. అంటించినవి భారత దేశపు బిళ్ళలే. 1966 వరకు ఇక్కడ రూపాయి చెల్లింది. 1959 నుంచి గల్ఫ్ కోసమని రిజర్వు బ్యాంకు ప్రత్యేకంగా వేరు రంగు నోటును అచ్చు వేసేది. 1971 డిసెంబరు 2న ఎమిరేట్స్ సమాఖ్య ఏర్పడినది. 1973లో దిర్హాము వచ్చింది. అప్పటి నుంచి వచ్చిన తెలుగువాని పెట్టెలో ఏముంటాయి? మూల కత్తిరించిన పాత పాస్‌పోర్టులు, వాటిలో అరబ్బీ ముద్రలు, "బతాకా" అని మనవాళ్ళు పిలిచే కార్డు, డబ్బు పంపిన రసీదులు, ఇంటి నుంచి వచ్చిన జాబులు, స్టూడియోలో తెర ముందు నిలబడి తీయించుకున్న ఫొటో. ఆ బతాకాను చూసినప్పుడల్లా నాకు 1867 టికెట్టే కళ్ళ ముందు కదులుతుంది.

ఇప్పుడు ఆ కాగితాలు కూడా అంతరిస్తున్నాయి. పాస్‌పోర్టులో నివాస వీసా కాగితం అంటించే పద్ధతిని 2022లో ఎత్తివేశారు. ఎమిరేట్స్ గుర్తింపు కార్డే చాలును. ఇక మీదట వచ్చేవారి పాస్‌పోర్టులలో ఆ పుట ఉండదు. అబుదాబిలో 1968లో స్థాపించిన ప్రభుత్వ పత్ర భాండాగారం ఉంది. న్యూయార్క్ విశ్వవిద్యాలయపు అబుదాబి శాఖవారు "అక్కాసా" అనే పేరుతో కుటుంబ ఫొటోలు కూడా సేకరించారు. మంచి పనులే. కాని సోనాపూర్ గదిలో మంచం క్రింద ఉన్న తెలుగు జాబు తనంతట తాను అక్కడికి నడిచి వెళ్ళదు కదా!

అందుకే ఇంటి స్కానరు గూర్చి వ్రాస్తున్నాను. 1957లో అమెరికాలో రస్సెల్ కిర్ష్ అనే శాస్త్రజ్ఞుడు తొలిసారిగా ఒక ఫొటోను కంప్యూటరులోకి ఎక్కించాడు. అడ్డంగా 176, నిలువుగా 176 చుక్కలు, అంతే. అది ఏ రాజుదో, ఏ యంత్రానిదో కాదు, ఆయన మూడు నెలల పసిబిడ్డది. కాగితాన్ని అద్దం మీద బోర్లా పెట్టే బల్లపరుపు స్కానరు 1970ల నడుమ, అంధులకు పుస్తకం చదివి వినిపించే యంత్రం కోసం రే కర్జ్‌వైల్ బృందంవారు చేసినది. అలా పుట్టిన వస్తువు నేడు పలక అంత పలచనై మన బల్ల మీదకు వచ్చింది.

వీటిలో రెండు రకాలున్నాయి. పలచనివి, కానన్ లైడ్ వంటివి, చవక. ఒక్క తీగతో కంప్యూటరుకు కలుపుకోవచ్చు. ఇవి అద్దాన్ని తాకిన భాగాన్నే స్పష్టంగా చూస్తాయి. కాగితం కొంచెం పైకి లేచిందా, అక్షరం మసకబారుతుంది. కుట్టు దగ్గర లేచి ఉండే పాస్‌పోర్టుకు, వంకర తిరిగిన ఫొటోకు ఇవి చాలవు. ఎప్సన్ వి600 వంటి మందపు రకం అద్దానికి కాస్త దూరంలో ఉన్నదానిని కూడా పట్టుకుంటుంది. ఫిల్ము నెగటివులను కూడా చూస్తుంది. జాబులు మాత్రమే ఉన్నవారికి మొదటిది చాలు, రెండవదానికి డబ్బు పోయనక్కరలేదు.

జాబుకు అంగుళానికి 300 చుక్కలు సరిపోతాయి. ఫొటోకు 600 పెట్టాలి, పాస్‌పోర్టు సైజు చిన్న ఫొటోకు 1200. నాలుగు అంగుళాలు, ఆరు అంగుళాల ఫొటో 600 వద్ద టిఫ్ రూపంలో దాదాపు 26 మెగాబైట్లు అవుతుంది. బంధువులకు పంపడానికి చిన్న జెపెగ్ నకలు వేరుగా చేసుకోవచ్చు. మూలప్రతిని మాత్రం టిఫ్‌గానే ఉంచాలి. డబ్బాల మీద 9600 అని, ఇంకా ఎక్కువని అచ్చు వేస్తారు. అవి యంత్రం ఊహించి నింపే చుక్కలే. నలుపు తెలుపు కాగితాన్ని కూడా రంగులోనే తీయండి. ఊదా రంగు ముద్ర, నీలి సంతకం, చెమ్మ మరక – ఇవన్నీ సాక్ష్యాలే.

ఇక్కడి ఇసుక స్కానరుకు శత్రువు. అద్దం మీద పడ్డ దుమ్మును గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. ముందు గాలి ఊది, తరువాత మెత్తని గుడ్డతో తుడవాలి. ద్రవాన్ని గుడ్డ మీద చల్లాలి గాని అద్దం మీద కాదు. వేసవిలో సముద్రతీరపు ఉక్క నుంచి తెచ్చిన ఫొటోను వెంటనే అద్దానికి నొక్కితే అంటుకుంటుంది. చల్లని గదిలో ఆరనివ్వాలి. జిగురు పుటలున్న ఆల్బములు 1970లు, 80లలో బాగా చెల్లాయి. వాటిలోని జిగురు పసుపెక్కి ఫొటోను పట్టుకుంటుంది. గోటితో పెరకవద్దు. పళ్ళ మధ్య శుభ్రం చేసుకునే దారాన్ని ఫొటో క్రింద నుంచి మెల్లగా లాగాలి. అప్పటికీ రాకపోతే పుటను పుటగానే అద్దం మీద పెట్టండి.

ఏది ముందు, ఏది వెనుక? చాలామంది అందమైన పెళ్ళి ఫొటోతో మొదలుపెడతారు. నా అభిప్రాయం వేరు. వేడికి నల్లబడే నున్నని కాగితం మీద అచ్చయిన రసీదులను ముందు తీయాలి, వాటి అక్షరాలు కొన్నేళ్ళకే మాయమవుతాయి. వాటికి ప్లాస్టిక్ పూత వేయించారా, ఆ వేడికి మొత్తం నల్లబడుతుంది. తరువాత రంగు ఫొటోలు. చీకటిలో ఉంచినా వాటి రంగులు విరుగుతాయి. నలుపు తెలుపు ఫొటోలు ఓపికగలవి, కొంతకాలం ఆగగలవు.

అన్నిటికన్నా ముఖ్యమైనది వెనుక వైపు. ఒక ఆదివారం జగిత్యాల వైపు పెద్దమనిషి ఒకాయన తన స్టీలు పెట్టె తెచ్చాడు. "ఎన్క ఏమున్నది సారూ, ఉత్త కాయితమే," అన్నాడు. ఫొటో త్రిప్పితే స్టూడియో ముద్ర, దేరా అనే ఊరిపేరు, దాని క్రింద పెన్సిలుతో తెలుగులో ముగ్గురి పేర్లు, వారి ఊళ్ళు. ఒకరు ఇప్పుడు లేరట. ముఖాలకు పేర్లు పెట్టిన ఆ రెండు పంక్తులు లేకుంటే అది మోకా రిజిస్టరు ఫొటో కన్నా అధ్వాన్నం; అక్కడ కనీసం నంబరైనా ఉంటుంది. కనుక ప్రతి ఫొటోకూ రెండు స్కానులు తీసి, ఫైలు పేరులో సంవత్సరం, ఊరు, "ముందు", "వెనుక" అని వ్రాయండి. జాబు అయితే దాని పాఠాన్ని తెలుగులోనే ప్రక్కన టైపు చేసి ఉంచండి. చేతివ్రాత తెలుగును యంత్రం నమ్మకంగా చదవలేదు. క్రియోలు మాట్లాడే మన మనుమలూ, అరబ్బీ బడికి పోయే వారి మనుమలూ చదవలేరు.

ఒక హెచ్చరిక. ఎమిరేట్స్‌లో 2021 నాటి సైబరు నేరాల చట్టం ప్రకారం ఇతరుల ఫొటోలను వారి సమ్మతి లేక ప్రకటించడం శిక్షార్హం. స్కాను ఇంటి కొరకే. పాస్‌పోర్టు నకలు మాత్రం దాని యజమాని వద్ద తప్పక ఉండాలి. కార్మికుని పత్రాలను యజమాని అట్టే పెట్టుకోరాదని 2021 కార్మిక చట్టం చెబుతున్నా, పత్రం చేతిలో లేని రోజున నంబరు చూపే నకలైనా ఉండడం మేలు.

ఆ పెద్దమనిషి కాగితాలు ఇంకా సగం మిగిలాయి. ఆయన వీసా రద్దు చేసుకొని వచ్చే నెల ఇంటికి వెళుతున్నాడు. సామాను కార్గోకు వేసే లోపల ఇంకా రెండు ఆదివారాలు ఉన్నాయి.